జిరాక్స్ మిషన్‌కి ప్రింట్ పోవట్లేదా? ముందు డ్రైవర్ జోలికి వెళ్లకండి

ఆఫీసులో జిరాక్స్ మిషన్‌కి ప్రింట్ పోవడం ఆగిపోతే ఎక్కువ మంది చేసే మొదటి పని, కంప్యూటర్లో ఆ ప్రింటర్‌ని రిమూవ్ చేసి డ్రైవర్ (కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య మాట కలిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ ఎక్కించడం. నేను ఏ ఆఫీసుకి వెళ్లినా నాకంటే ముందే ఎవరో ఒకరు ఆ పని చేసేసి ఉంటారు. దయచేసి అలా చేయకండి. నిన్న సాయంత్రం దాకా బాగా పనిచేసిన డ్రైవర్ తెల్లారేసరికి పాడైపోవడం చాలా అరుదు. పైగా ప్రింటర్‌ని తీసేస్తే, కంప్యూటర్ ఇన్నాళ్లూ ఏ అడ్రస్‌కి ప్రింట్ పంపుతోందో ఆ వివరం కూడా దాంతోపాటే పోతుంది. గొడవ ఎక్కడుందో పట్టించేది ఎక్కువసార్లు ఆ వివరమే. మళ్లీ యాడ్ చేసినప్పుడు విండోస్ తనకి తోచిన పద్ధతిలో కలుపుకుంటుంది, రెండు రోజులు పనిచేసి మూడో రోజు ఆఫ్‌లైన్ అంటుంది, అప్పటికి ఒక సమస్య రెండై కూర్చుంటుంది.

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల చిన్న ఆఫీసులకి నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. ఆడిటర్లు, లాయర్లు, స్కూళ్లు, రిజిస్ట్రార్ ఆఫీసు పక్కనుండే డాక్యుమెంట్ రైటర్లు. వీళ్లెవరి దగ్గరా ఐటీ మనిషంటూ విడిగా ఉండడు. అకౌంట్స్ చూసే అబ్బాయో, రిసెప్షన్‌లో అమ్మాయో అవన్నీ చూసుకోవాలి. జీఎస్టీ 3బీ గడువు 20వ తేదీ అయితే 19న మధ్యాహ్నం మిషన్ ఆఫ్‌లైన్ అయిందనుకోండి, ఆ టెన్షన్‌లో ఎవరికైనా చేతికి దొరికిన బటన్ నొక్కాలనిపిస్తుంది. అలాంటి రోజు కోసమే ఇదంతా రాస్తున్నాను, కాస్త నిదానంగా చదవండి.

ముందుగా రెండు సంగతులు తేల్చుకోవాలి. ఒకటి, ప్రింట్ ఒక్క కంప్యూటర్ నుంచే రావట్లేదా, అందరికీ రావట్లేదా. ఒక్కరికే అయితే తప్పు ఎక్కువగా ఆ కంప్యూటర్లోనే ఉంటుంది, మిషన్ దగ్గరికి వెళ్లే పనే లేదు. అందరికీ ఆగిపోతే మిషన్‌లోనో, కేబుల్‌లోనో, కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లోనో, రౌటర్‌లోనో చూడాలి. రెండోది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది. నెట్ కనెక్షన్ మార్చారా, రౌటర్ మార్చారా, పెయింట్లు వేయించి టేబుళ్లు జరిపారా, ఎవరైనా కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చారా, రాత్రి ఉరుములు మెరుపులతో వాన పడిందా. "ఏం మారలేదండి, అదే ఆగిపోయింది" అనే చెప్తారు అందరూ. కొంచెం ఓపిగ్గా అడిగితే "నెట్ వాళ్లు వచ్చి కొత్త బాక్స్ పెట్టి వెళ్లారండి, దానికీ దీనికీ సంబంధం ఏముంటుంది" అంటారు. సంబంధమంతా అక్కడే ఉంటుంది.

ఇంకో మాట కూడా తరచుగా వింటుంటాను. "జిరాక్స్ బానే వస్తోందండి, కాబట్టి మిషన్ బాగున్నట్టే కదా." గ్లాసు మీద కాగితం పెట్టి కాపీ తీయడానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. కాపీ బాగా వస్తే స్కానర్, డ్రమ్, టోనర్, ఫ్యూజర్ బాగున్నాయని తెలుస్తుంది, నెట్‌వర్క్ గురించి ఏమీ తెలియదు.

ఇక మిషన్ వెనక్కి వెళ్లండి. నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే చోట చిన్న లైట్లు ఉంటాయి, సాధారణంగా ఒకటి వెలుగుతూ, ఇంకోటి మిణుకుతూ ఉండాలి. మిషన్ నిద్రలో ఉంటే కొన్ని మోడళ్లలో ఆ లైట్లు ఆరిపోతాయి, కాబట్టి ముందు ప్యానెల్ మీద బటన్ నొక్కి నిద్ర లేపి తర్వాత చూడండి. అప్పటికీ వెలగకపోతే సాఫ్ట్‌వేర్ మాట మర్చిపోవచ్చు, అది వైరు సంగతే. ఫ్యాక్స్ ఉన్న మిషన్లలో టెలిఫోన్ లైను సాకెట్టు, నెట్‌వర్క్ సాకెట్టు పక్కపక్కనే ఉంటాయి, మిషన్ జరిపి మళ్లీ సర్దినప్పుడు ఫోను వైరుని నెట్‌వర్క్ సాకెట్లో గుచ్చేస్తుంటారు. అది చిన్నది కాబట్టి ఇబ్బంది లేకుండా దూరిపోతుంది, గుచ్చినవాళ్లకి అనుమానం కూడా రాదు. ఇంకా తరచుగా చూసేది కేబుల్ చివర ప్లాస్టిక్ క్లిప్ విరిగిపోవడం. కేబుల్ సాకెట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ కాస్త వదులుగా బయటికి జారి ఉంటుంది, మిషన్ డోరు గట్టిగా వేసినప్పుడల్లా కనెక్షన్ పోయి వస్తుంటుంది. అలాంటి కేబుల్‌కి సెల్లోటేపు చుట్టకండి, తల కోసేసి కొత్త కనెక్టర్ క్రింప్ చేయించండి, అంటే నొక్కి బిగింపించండి, పెద్ద ఖర్చేం కాదు. క్రింప్ చేసే కుర్రాడికి రంగుల వరస తెలియాలి: తెలుపు ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఇది 568బీ వరస, మన దగ్గర ఎక్కువమంది వాడేది ఇదే. రెండు చివరలా ఇదే ఉండాలి. ఇక ఫాల్స్ సీలింగ్ పైనుంచి కేబుల్ లాగిన ఆఫీసుల్లో ఎలుకలు కొరకడం మామూలే, మధ్యలో తీగ తెగితే ఒక్కోసారి లైటు మిణుకుమిణుకుమంటుంది తప్ప పని జరగదు.

కేబుల్ మంచిదో కాదో తేల్చడానికి టెస్టర్ లేకపోయినా ఫరవాలేదు. ఆ కేబుల్‌ని మిషన్ నుంచి తీసి ఒక ల్యాప్‌టాప్‌కి గుచ్చండి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆఫ్ చేయండి. నెట్ వస్తే కేబులూ, స్విచ్చూ, రౌటరూ బాగున్నట్టే, ఇక మిషన్ సంగతే చూడాలి. నెట్ రాకపోతే స్విచ్‌లో పోర్టు మార్చి చూడండి, పిడుగులు పడిన రాత్రి తర్వాత స్విచ్ బాగానే ఉండి ఒకటి రెండు పోర్టులు మాత్రం చచ్చిపోయి ఉండడం చాలాసార్లు చూశాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చేతిలో ఉన్న కేబుల్ రెండో చివర ఎక్కడుందో తెలియకుండా దాన్ని స్విచ్‌లో గుచ్చకండి. రెండు చివరలూ ఒకే స్విచ్‌లో పడితే మామూలు స్విచ్ తన సమాచారం తానే తిప్పుకుంటూ ఉక్కిరిబిక్కిరైపోతుంది, అప్పుడు మిషనొక్కటే కాదు, ఆఫీసు మొత్తానికి నెట్ పోతుంది.

లైట్లు వెలుగుతున్నాయంటే అసలు సంగతికి వచ్చినట్టు. అడ్రస్. నేను చూసే నెట్‌వర్క్ కంప్లయింట్లలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. మిషన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ అనే చోట చూస్తే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ మిషన్ చిరునామా కనిపిస్తుంది, లేదంటే రిపోర్టుల మెనూలో కాన్ఫిగరేషన్ పేజీ అనో నెట్‌వర్క్ రిపోర్ట్ అనో ఉంటుంది, అది ప్రింట్ తీయండి. ఆ కాగితం మీద ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే (రౌటర్ అడ్రస్), మ్యాక్ అడ్రస్ (ఆ మిషన్‌కి కంపెనీ వేసి పంపిన గుర్తింపు నంబరు) ఉంటాయి. పారేయకండి, దాంతో ఇంకా పని ఉంది. ఇప్పుడు ఒక కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్‌ఫిగ్ అని ఇంగ్లీషులో కొట్టండి, మధ్యలో స్పేస్ ఉండదు. కంప్యూటర్ అడ్రస్ కనిపిస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

చిన్న ఆఫీసుల్లో సబ్‌నెట్ మాస్క్ మామూలుగా 255.255.255.0 ఉంటుంది. అంటే అడ్రస్‌లో చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు సంఖ్యలూ కంప్యూటర్‌కీ మిషన్‌కీ ఒకటే ఉండాలి, చివరిది మాత్రం వేరే ఉండాలి. కంప్యూటర్‌ది 192.168.1.12, మిషన్‌ది 192.168.1.50 అయితే ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నట్టు, మాట్లాడుకోగలరు. మిషన్ అడ్రస్ 169.254 అని మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. ఎవరూ ఇవ్వకపోతే తనంతట తాను పెట్టుకునే అడ్రస్ అది, దాంతో ఆఫీసులో ఏ కంప్యూటరూ దాన్ని అందుకోలేదు. అన్నీ సున్నాలే ఉన్నాయంటే అసలేమీ రాలేదని. కరెంటు పోయి వచ్చిన తర్వాత ఇలా జరుగుతుంటుంది, మిషన్ తొందరగా లేచి అడ్రస్ అడిగే సమయానికి రౌటర్ ఇంకా లేవదు. అలాంటప్పుడు ముందు రౌటర్, తర్వాత స్విచ్, ఆ రెండూ పూర్తిగా లేచాక మిషన్ ఆన్ చేయండి. మిషన్ ఆపేటప్పుడు గోడ స్విచ్ తీసేయకండి, చాలా కాపియర్లలో లోపల హార్డ్‌డిస్క్ ఉంటుంది. ప్యానెల్ దగ్గరున్న పవర్ బటన్‌తో ఆపి, స్క్రీన్ పూర్తిగా ఆరేదాకా ఆగండి. రౌటర్‌నీ స్విచ్‌నీ యూపీఎస్ మీద పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. కాపియర్‌ని మాత్రం చిన్న యూపీఎస్ మీద పెట్టొద్దు, ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి అది తట్టుకోలేదు.

గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జరిగింది చెప్తాను, ఇది చాలామందికి పనికొస్తుంది. జులై నెల, రిటర్నుల హడావిడి. నెట్ స్లోగా ఉందని కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నారు. నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, ప్రింట్ మాత్రం ఒక్క కంప్యూటర్ నుంచి కూడా పోవట్లేదు. మూడు కంప్యూటర్లలో డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశారు. ఆడిటర్ గారు "ఏమయ్యా, మిషన్ మార్చేయమంటావా ఏంటి" అన్నారు నేను లోపలికి అడుగు పెట్టగానే. కాన్ఫిగరేషన్ పేజీ తీశాను. మిషన్ అడ్రస్ 192.168.1.50, గేట్‌వే 192.168.1.1, ఎప్పుడో మిషన్ పెట్టినవాళ్లు చేత్తో వేసి వెళ్లిన అడ్రస్. కంప్యూటర్లో చూస్తే 192.168.29.14. పాత రౌటర్ 1 సిరీస్ ఇచ్చేది, కొత్త రౌటర్ 29 సిరీస్ ఇస్తోంది. కంప్యూటర్లన్నీ కొత్త అడ్రస్‌లు తీసుకుని మారిపోయాయి, మిషన్ ఒక్కటే పాత వీధిలో ఉండిపోయింది. దేంట్లోనూ ఏ లోపమూ లేదు. జియోఫైబర్ రౌటర్లు మామూలుగా 192.168.29.1 మీద వస్తాయి, చాలా ఇతర రౌటర్లు 192.168.1.1 మీదో 192.168.0.1 మీదో వస్తాయి. కాబట్టి కనెక్షన్ ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి మార్చినా ఇది జరగడానికి అవకాశం ఉంది.

దీనికి రెండు దారులున్నాయి. మిషన్‌కి కొత్త సిరీస్‌లో అడ్రస్ వేసి, ప్రతి కంప్యూటర్లోనూ ఆ కొత్త అడ్రస్ మార్చుకుంటూ పోవడం ఒకటి. రౌటర్‌లోకి వెళ్లి దాని లోకల్ అడ్రస్‌నే పాత 192.168.1.1కి మార్చేయడం రెండోది. రౌటర్ ఒప్పుకుంటే నేను రెండోదే చేస్తాను, అక్కడ కూడా అదే చేశాను. ఎందుకంటే ఆఫీసులో చేత్తో వేసిన అడ్రస్‌లు మిషన్‌కి ఒక్కదానికే ఉండవు. టాలీ సర్వర్‌కి ఉంటుంది, సీసీ కెమెరాల డీవీఆర్‌కి ఉంటుంది, వేలిముద్ర అటెండెన్స్ మిషన్‌కి ఉంటుంది. రౌటర్ ఒక్కదాన్ని మారిస్తే అవన్నీ ఒకేసారి దారిలోకి వస్తాయి. కంప్యూటర్లన్నీ ఒకసారి రీస్టార్ట్ చేయించాం, ప్రింట్లు వరసపెట్టి బయటికి వచ్చాయి, పొద్దున్నించి కొట్టినవన్నీ క్యూలోనే ఉన్నాయి మరి.

దీనికి తమ్ముడులాంటి సమస్య ఇంకోటుంది, ఇంట్లో మిగిలిన పాత రౌటర్ తెచ్చి వెనక గదిలో వైఫై కోసం పెట్టడం. కేబుల్‌ని దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వైరు కోసం ఉన్న సాకెట్లో) గుచ్చితే ఆ గది వేరే నెట్‌వర్క్ అయిపోతుంది. వెనక గదిలో కాపియర్ ఉంటే ముందు గదిలోవాళ్లకి అది దొరకదు. కేబుల్ ల్యాన్ పోర్టులోకి మార్చి, దాని లోకల్ అడ్రస్ మెయిన్ రౌటర్‌తో కలవకుండా మార్చి, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆఫ్ చేస్తే అంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది.

అడ్రస్‌లు చూడ్డానికి సరిగ్గానే ఉండి, ప్రింట్ కాసేపు వచ్చి కాసేపు రాకపోతే అది వేరే కథ. ఒక స్కూల్లో ఇలాగే పొద్దున్న బాగా పనిచేసేది, స్టాఫ్ అందరూ వచ్చాక ఆగిపోయేది, సాయంత్రం మళ్లీ మామూలే. మిషన్ వేడెక్కిపోతోందని అక్కడి వాళ్ల అనుమానం, పక్కన టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టారు. పనిచేసే సమయాన్ని బట్టి చూస్తే నాకు అనుమానం మనుషుల రాకపోకల మీదకి పోయింది. ఆగిపోయిన వేళకి వెళ్లి కమాండ్ ప్రాంప్ట్ నుంచి మిషన్ అడ్రస్‌కి పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పిలిస్తే, జవాబు వస్తోంది. అప్పుడు మిషన్ వెనక కేబుల్ పీకేసి మళ్లీ పింగ్ కొట్టాను. కేబుల్ నా చేతిలో ఉంది, జవాబు మాత్రం వస్తూనే ఉంది. అంటే అదే అడ్రస్‌తో ఆ భవనంలో ఇంకేదో ఉంది. వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మైనస్ ఏ అని కొడితే ప్రతి ఐపీ అడ్రస్ ఎదురుగా దాని మ్యాక్ అడ్రస్ వస్తుంది. కాన్ఫిగరేషన్ పేజీ దాచుకోమన్నది ఇందుకే. కాగితం మీదున్న మిషన్ మ్యాక్ అడ్రస్‌నీ, స్క్రీన్ మీదున్నదాన్నీ కలిపి చూస్తే ఒక్క జత కూడా కలవలేదు. తీరా చూస్తే అది ఒక టీచర్ గారి ఫోను. మిషన్‌కి చేత్తో వేసిన అడ్రస్, రౌటర్ ఫోన్లకి పంచే అడ్రస్‌ల వరసలోనే ఉంది. రౌటర్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి అదే అడ్రస్ ఆవిడ ఫోనుకి ఇచ్చింది. ఆవిడ వైఫైలో ఉన్నంతసేపూ ప్రింట్లు ఫోను దగ్గరికి పోతున్నాయి.

దీన్ని శాశ్వతంగా ఆపాలంటే రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట మిషన్ మ్యాక్ అడ్రస్ ఇచ్చి, దానికంటూ ఒక ఐపీ కేటాయించాలి, మిషన్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేసి వదిలేయాలి. నాకు నచ్చే పద్ధతి ఇదే, ఎందుకంటే లెక్కంతా ఒక్కచోట ఉంటుంది. రౌటర్‌లో ఆ సౌకర్యం లేకపోతే, పంచే వరసని 100 నుంచి 200 దాకా అని కుదించి మిషన్‌కి 50 లాంటిది చేత్తో వేసుకోవచ్చు. మిషన్‌లో డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉండి రిజర్వేషన్ కూడా లేకపోతే మాత్రం ఎప్పుడో ఒకరోజు దాని అడ్రస్ మారిపోతుంది, అప్పుడు కంప్యూటర్లు పాత అడ్రస్‌కే పంపుతూ ఆఫ్‌లైన్ అంటాయి.

పింగ్ గురించి ఒక ముఖ్యమైన సంగతి. విండోస్‌లో పింగ్ కొట్టినప్పుడు చివర్లో లాస్ 0 శాతం అని కనిపిస్తే బాగానే ఉందనుకుంటారు. పైన లైన్లు చదవండి. జవాబు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అక్కడ రాసి ఉంటుంది. అది మీ సొంత కంప్యూటర్ అడ్రస్ అయి, పక్కన డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని ఉంటే మిషన్ దొరకలేదని మీ కంప్యూటరే మీకు చెప్తోంది. విండోస్ దాన్ని కూడా జవాబు కిందే లెక్కేస్తుంది.

పింగ్ అంటే భయమైతే ఇంకో తేలిక పద్ధతి ఉంది. బ్రౌజర్‌లో పైన వెబ్‌సైట్ పేరు కొట్టే చోట మిషన్ ఐపీ అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కండి. దాదాపు అన్ని కంపెనీల కాపియర్లకీ సొంత వెబ్ పేజీ ఉంటుంది, కానన్ అయితే రిమోట్ యూఐ, క్యోసెరా అయితే కమాండ్ సెంటర్, రికో అయితే వెబ్ ఇమేజ్ మానిటర్. ఆ పేజీ తెరుచుకుందంటే కేబుల్, స్విచ్, అడ్రస్ అన్నీ బాగున్నట్టే, ఇక చూడాల్సింది ఆ కంప్యూటర్లో ప్రింటర్ సెట్టింగులు. తెరుచుకోకపోతే అప్పుడు పైన చెప్పినవన్నీ చూడాలి. నా మట్టుకు నాకు ఫోన్లో సాయం చేసేటప్పుడు దీన్ని మించిన పరీక్ష లేదు. ఆ పేజీలోకి వెళ్లినప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినదే ఉంటే మార్చేయండి. ఆడిటర్ల మిషన్‌లో క్లయింట్ల పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తిరుగుతుంటాయి. మిషన్‌ని బయటి ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం అసలే చేయకండి, ఇంటి నుంచి ప్రింట్ ఇవ్వాలని ఎవరు అడిగినా సరే.

పేజీ తెరుచుకుంటోంది, ప్రింట్ పోవట్లేదు అంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ అనే ట్యాబ్ తెరవండి. టిక్ పెట్టిన పోర్టు ఎదురుగా ఉన్న అడ్రస్, మిషన్ అడ్రస్ ఒకటేనా? కాకపోతే అదే కారణం, యాడ్ పోర్ట్ నొక్కి స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని సరైన అడ్రస్ ఇస్తే చాలు, డ్రైవర్ తీసే పనే లేదు. పోర్టు పేరు డబ్ల్యూఎస్‌డీ అని మొదలైతే అది విండోస్ తనంతట తాను వెతికి కలుపుకున్న పద్ధతి. పెద్ద ఆఫీసుల సంగతి వేరు గానీ చిన్న ఆఫీసుల్లో ఇది నన్ను చాలా ఇబ్బంది పెట్టింది, మిషన్ నిద్రలోకి పోయి లేస్తే గుర్తుపట్టదు. కనిపిస్తే టీసీపీ ఐపీకి మార్చేస్తాను. మిషన్ ఆన్‌లో ఉన్నా, పింగ్ వస్తున్నా విండోస్ మొండిగా ఆఫ్‌లైన్ అంటుంటే కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అనే టిక్ తీసేయండి. మిషన్ స్థితి కనుక్కోవడానికి విండోస్ పంపే ప్రశ్నకి జవాబు రాకపోతే అది ఆఫ్‌లైన్ అని తీర్మానించేసుకుంటుంది, టిక్ తీస్తే ఆ ప్రశ్న మానేసి నేరుగా ప్రింట్ పంపుతుంది. ఇక ప్రింటర్ల లిస్టులో అదే మిషన్ పేరుతో కాపీ 1, కాపీ 2 అని ఉంటే అవి డ్రైవర్లు మళ్లీ మళ్లీ ఎక్కించిన గుర్తులు. ఏది పనిచేస్తోందో తేల్చుకుని దాన్ని డిఫాల్ట్ చేసి మిగతావి తీసేయండి.

ఒక్కోసారి ప్రింట్ పోయినట్టే ఉంటుంది, క్యూ ఖాళీ అవుతుంది, మిషన్ మీద లైటు కూడా వెలుగుతుంది, కాగితం మాత్రం రాదు. ఇది నెట్‌వర్క్ కాదు. మిషన్‌లో డిపార్ట్‌మెంట్ ఐడీ లాంటిది ఆన్ చేసి ఉంటే కోడ్ లేకుండా వచ్చిన ప్రింట్‌ని అది తీసుకుని పక్కన పారేస్తుంది. జాబ్ హిస్టరీలో చూస్తే క్యాన్సిల్ అయినట్టు కనిపిస్తుంది.

స్కాన్ సంగతి పూర్తిగా వేరు, దాని గురించి వివరంగా చెప్పాలి. ప్రింట్ అయితే కంప్యూటర్ మిషన్‌ని పిలుస్తుంది, స్కాన్ టు ఫోల్డర్‌లో మిషనే కంప్యూటర్ దగ్గరికి వచ్చి తలుపు కొడుతుంది. కాబట్టి ప్రింట్ బ్రహ్మాండంగా వస్తూ స్కాన్ ఆగిపోవడంలో వింతేం లేదు. కంప్యూటర్ అడ్రస్ మారినా, ఆ కంప్యూటర్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చినా, కొత్త వైఫై వచ్చినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుని తలుపు మూసేసినా స్కాన్ ఆగుతుంది. ఇందుకే నేను స్కాన్ కోసం ఆ కంప్యూటర్లో విడిగా ఒక లోకల్ యూజర్‌ని పెట్టి, ఆ పేరూ పాస్‌వర్డే మిషన్‌లో ఇస్తాను, ఓనర్ గారు తన పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చుకున్నా స్కాన్‌కి ఇబ్బంది రాదు. పిన్ నంబరుతో లాగిన్ అయ్యేవాళ్లు ఆ పిన్‌నే మిషన్‌లో కొడతారు, అది పనిచేయదు, అసలు పాస్‌వర్డ్ కావాలి. మిషన్‌లో తేదీ, టైము కూడా చూడండి. చాలా వెనక్కి ఉంటే లాగిన్ సరైనదైనా కంప్యూటర్ ఒప్పుకోకపోవచ్చు.

పాత మిషన్లకి ఇంకో చిక్కుంది. అవి ఫైళ్లు పంపడానికి ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షన్ ఒక్కటే వాడతాయి. 2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలు వేసింది గుర్తుందా, అది పాకింది ఆ వెర్షన్‌లో ఉన్న లోపం గుండానే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. లోపం పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లు చాలామంది దొరికిపోయారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్తగా విండోస్ వేస్తే ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లో ఫైళ్లు అందుకునే భాగం లేకుండానే వస్తోంది. కాబట్టి పాత కంప్యూటర్ పోయి కొత్తది రాగానే స్కాన్ ఆగుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయమని చెప్తారు, చేస్తే స్కాన్ వస్తుంది కూడా. నేను చేయను, ఎవరినీ చేయనివ్వను. ఒక్క స్కాన్ కోసం క్లయింట్ల లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్‌కి ఆ తలుపు తెరవడం న్యాయం కాదు. ముందు మిషన్‌కి ఫర్మ్‌వేర్ (మిషన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో సర్వీసు వాళ్లని అడగండి, చాలా మోడళ్లకి రెండో వెర్షన్ అలా వస్తుంది. లేకపోతే పెన్‌డ్రైవ్‌లోకి స్కాన్ తీసుకోవచ్చు, మెయిల్‌కి పంపుకోవచ్చు. 2024లో విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 వచ్చాక ప్రో ఎడిషన్‌లో ఇంకో నియమం కలిసింది. ఫైలు పంపే ప్రతివాళ్లూ డిజిటల్ సంతకంతో పంపాలి, పాస్‌వర్డ్ లేని గెస్ట్ పద్ధతి కుదరదు. అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి స్కాన్ ఆగిందంటే ముందు దీన్నే అనుమానించండి. దీనికి కూడా మిషన్ ఫర్మ్‌వేరే సరైన మందు.

మెయిల్‌కి స్కాన్ అంటే జీమెయిల్ వాడేవాళ్లే ఎక్కువ. 2022 మే 30 నుంచి మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్‌తో మిషన్ లాగిన్ అవడం కుదరట్లేదు. ఆ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది తీసుకుని మిషన్‌లో అదే ఇవ్వాలి, పోర్టు 587. అన్నీ సరిగ్గా ఇచ్చినా మెయిల్ పోకపోతే మిషన్‌లో డీఎన్ఎస్ (వెబ్‌సైట్ల పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టేది) గడి చూడండి. చేత్తో అడ్రస్ వేసినవాళ్లు ఐపీ, మాస్క్ రాసి ఆ గడి ఖాళీగా వదిలేస్తుంటారు. ప్రింట్‌కి అది అక్కర్లేదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు, మెయిల్ పెట్టిన రోజున బయటపడుతుంది. రౌటర్ అడ్రస్సో 8.8.8.8 అనో వేస్తే సరిపోతుంది.

వైఫై మీద కాపియర్ పెట్టడం నాకు ఇష్టం లేదు. తప్పదంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలపండి, చాలా మిషన్లకి 5 కనిపించదు. గెస్ట్ వైఫైకి మాత్రం కలపొద్దు, అందులో ఉన్నవాటిని ఒకదానితో ఒకటి మాట్లాడుకోనివ్వకుండా రౌటరే ఆపుతుంది.

చివరగా ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం సంగతి. సర్వీసు ఇంజనీరు వచ్చి "కాపీ వస్తోంది, మిషన్ ఓకే, నెట్‌వర్క్ మీ వాళ్లని చూసుకోమనండి" అంటాడు. నెట్ కుర్రాడు "నెట్ వస్తోంది కదా సార్, మిషన్ వాళ్లని పిలవండి" అంటాడు. ఇద్దరూ తమ పని వరకు నిజమే చెప్తున్నారు, మధ్యలో రిసెప్షన్ అమ్మాయి రోజంతా ఫోన్లు చేస్తూ నలిగిపోతుంది. ఏఎంసీ కాగితాల్లో టోనర్, డ్రమ్, పార్టుల గురించి ఉంటుంది కానీ నెట్‌వర్క్ సెట్టింగులు, స్కాన్ సెట్ చేయడం, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఎవరి పనో చాలాసార్లు రాసి ఉండదు. ఈసారి రెన్యువల్ చేసేటప్పుడు ఈ మూడూ రాయించుకోండి. మిషన్ ఐపీ, మ్యాక్ అడ్రస్ ఒక కాగితం మీద రాసి మిషన్ పక్కన అతికించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఓనర్ గారి డైరీలో ఉండాలి. మిషన్ పెట్టిన కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోతే ఆ పాస్‌వర్డ్ కూడా అతనితోనే పోతుంది, తర్వాత సెట్టింగ్స్ తెరవడానికే సర్వీసు చార్జి కట్టాల్సి వస్తుంది.